శుక్రవారం ఆయిల్ బండి

మొన్న ఫోన్‌లో మోరిస్‌విల్‌లో ఉండే మనవరాలు అడిగింది. "అమ్మమ్మా, నువ్వెందుకు ఆటోపే పెట్టుకోవు? ఫ్రైడే బిల్లుంటే థర్స్‌డేనే పే చేస్తావంట. మమ్మీ చెప్పింది." పక్కన వాళ్ళ అన్న కిసుక్కున నవ్వడం నాకు వినిపించింది. ఇర్వింగ్‌లో ఉండే మనవడైతే ఏకంగా నన్ను ఫ్రైడే నానమ్మ అంటాడు. నవ్వుకోండి నాన్నా, నాకేం కోపం లేదు. మీరు ఫోన్ మీద వేలితో ఇలా అంటే కరెంటు బిల్లు కట్టినట్టే. అది ఏ వారమో కూడా మీకు పట్టదు. నాకు మాత్రం శుక్రవారం, బిల్లు అనే రెండు మాటలు కలిసి వినిపిస్తే ఒక గ్రీకు ముసలావిడ గుర్తొస్తుంది. ఆవిడ ఇల్లు ఆవిడకి మిగలడం, పోవడం ఒక శుక్రవారం మీద ఆగింది. మీ అమ్మకి, మీ నాన్నకి ముక్కలు ముక్కలుగా చెప్పానే గానీ మొత్తం ఎప్పుడూ చెప్పలేదు.

డెబ్బైల చివరి మాట. మీ తాతయ్యకి మెయిన్ అనే రాష్ట్రంలో ఒక ఓడరేవు ఊళ్ళో, ఆస్పత్రి లాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఊళ్ళో అద్దెలు మాకు అందేలా లేవు. ఎదురుగా సముద్రంలో చిన్న ద్వీపం ఉంది, అక్కడైతే చవక అని లాబ్‌లో ఎవరో చెబితే, మనుషుల్నీ బండ్లనీ దాటించే ఫెర్రీ ఎక్కి వెళ్ళాం. రేవు నుంచి పైకి నడిస్తే రెండంతస్తుల చెక్క ఇల్లు. కింద ఆ గ్రీకు ఆవిడ ఉంటుంది, మేడ అద్దెకిస్తుంది.

ఆవిడ అడ్వాన్సు అడగలేదు, ఉద్యోగం కాగితాలు అడగలేదు. నా చంకలో ఉన్న పిల్లని, అంటే మీలో ఇద్దరికి అమ్మని, ఒకడికి అత్తని, లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మా ముందు గిన్నెల్లో శనగల పులుసు పెట్టింది. మేం మాంసం తినం అని చెప్పడానికి నేను ఇంగ్లీషు మాటలు కూడదీసుకుంటుంటే, "ఈరోజు శుక్రవారం. నాకూ మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు" అంది. బుధవారం, శుక్రవారం వాళ్ళకి ఉపవాసమట. అద్దె సంగతి పులుసు అయిపోయాక మాట్లాడుకున్నాం. ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు కూడా అద్దెలోనే అంది.

గ్రీసులో ఏదో చిన్న ద్వీపంలో పుట్టిందట. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చింది. "ఒక ద్వీపం వదిలి ఇంకో ద్వీపం. మధ్యలో అంతా నీళ్ళు" అని చేత్తో గాలిలో గీసి చూపించేది. అమెరికా గురించి ఆవిడ చెప్పేది అంతే. ద్వీపంలో అందరూ ఆవిణ్ణి యాయా అనేవారు, అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. నన్ను 'కోరీ మూ' అని పిలిచేది. నా కూతురా అని.

అక్కడ ఏ పనైనా ఫెర్రీతో ముడిపడి ఉండేది. ఒక కొట్టు, ఒక పోస్టాఫీసు, అంతే. డాక్టరు అవతల, బ్యాంకు అవతల, బూట్లు కుట్టేవాడు అవతల. బియ్యం బస్తా తాతయ్య భుజం మీద ఎక్కి వచ్చేది. కందిపప్పు బోస్టన్ నుంచి ఎవరైనా తెస్తే ఉన్నట్టు, లేకపోతే యాయా ఇచ్చే పసుపుపచ్చ బఠాణీ పప్పే మాకు పప్పు.

మేం చేరేనాటికి ఆవిడ భర్త పోయి కొన్ని నెలలయింది. బ్యాంకు, పన్ను, ఫోను బిల్లు, ఇంటి మరమ్మతు, అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఈవిడ జన్మలో చెక్కు రాయలేదు. వాళ్ళ ఊళ్ళో కొట్టువాడు గోడ మీద గీతలు గీసుకునేవాడట, ఆలివ్ కాయలు అమ్మాక అందరూ తీర్చేసేవాళ్ళట. ఒక్కతే కూతురు, ఒహాయోలో ఉంటుంది. ఆ అమ్మాయి వేసవిలో వచ్చినప్పుడు వంటింటి బల్ల దగ్గర మమ్మల్ని కూడా కూర్చోబెట్టి, మాకూ తల్లికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, నాతో వచ్చేయ్. నీకో గది ఉంది."

"నాకు ఇల్లే ఉంది" అంది యాయా.

"బిల్లులెవరు కడతారు? నాన్న ఉన్నాడా?"

"కోరీ ఉంది."

అని నా వైపు వేలు చూపించింది. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "సరే. ఈ చలికాలం చూద్దాం. ఒక్కసారి ఇంట్లో హీటు ఆగినా, ఫోను కట్ అయినా నేను వచ్చి అమ్మని తీసుకెళ్ళిపోతాను. ఇల్లు అమ్మేస్తాను" అంది. మంచి పిల్లే. ఎక్కడో దూరాన కూర్చుని మంచులో తల్లి ఒక్కతే ఉందని భయపడే పిల్ల ఇంకెలా మాట్లాడుతుంది?

ఇంతకీ నాకు మాత్రం చెక్కు రాయడం వచ్చా? మన ఊళ్ళో బ్యాంకు పనులు మా నాన్నగారివి, ఇక్కడ మీ తాతయ్యవి. కానీ పగలంతా ఆ ఇంట్లో ఉండేవాళ్ళలో ఇంగ్లీషు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అందుకని ఒక ఆదివారం మీ తాతయ్య మా ఇద్దరికీ బడి పెట్టారు.

"ఇక్కడ అంకెల్లో, ఇక్కడ మాటల్లో. మాటల్లో రాశాక మిగిలిన చోట గీత కొట్టాలి. లేకపోతే ఎవరైనా ఇంకో మాట చేర్చేస్తారు."

"ఎవరు?" అంది యాయా.

"దొంగలు."

"ఈ ద్వీపంలో? పారిపోవాలంటే వాడు ఫెర్రీ టికెట్టు కొనాలి!"

నేను రాసేదాన్ని, ఆవిడ గ్రీకు అక్షరాల్లో సంతకం పెట్టేది. అది చెల్లుతుందో లేదో అని ముగ్గురం ఫెర్రీ ఎక్కి బ్యాంకుకి వెళ్ళి అడిగాం. ఎప్పుడూ ఒకేలా పెడితే ఏ భాషైనా ఫరవాలేదంది కౌంటర్లో అమ్మాయి. యాయా ఆ అమ్మాయి బుగ్గ గిల్లింది.

ఇక వారాల సంగతి. మా అత్తగారింట్లో శుక్రవారం పూట పక్కింటివాళ్ళు తోడుకి చెంచాడు మజ్జిగ అడిగినా రేపు రమ్మనేవారు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పంపితే లక్ష్మి కూడా వెంట వెళ్ళిపోతుందని మా అత్తగారి నమ్మకం. నాకూ అదే అలవాటయింది. యాయాకి శుక్రవారంతో పేచీ లేదు, మంగళవారంతో ఉంది. మంగళవారం కొత్త గుడ్డ కత్తిరించకూడదు, పడవ నీళ్ళలోకి దించకూడదు, డబ్బు ముట్టుకోకూడదు. ఆవిడ మంగళవారం నేను పాటించాను, నా శుక్రవారం ఆవిడ పాటించింది. మిగిలిన రోజుల్లో పోస్టులో వెళ్ళేవన్నీ వెళ్ళిపోయేవి. ఆకులు రాలే కాలం దాకా ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది ఆయిల్ దగ్గర వచ్చింది. అక్కడ ఇళ్ళు వెచ్చబెట్టేది ఆయిల్‌తోనే. నేలమాళిగలో పెద్ద టాంకు, దాని మీద చిన్న గాజు గొట్టంలో ఎర్ర బిళ్ళ. ఆయిల్ తగ్గేకొద్దీ బిళ్ళ కిందికి దిగుతుంది. ఆ ఏడు ధర రోజురోజుకీ పెరుగుతోంది. పాత ఖాతా ఆవిడ భర్త పేరు మీద ఉండేది, అది ఆయనతోనే పోయింది. కొత్తగా అరువు ఇవ్వం, బండి వచ్చిన రోజే చెక్కు ఇవ్వాలన్నారు కంపెనీవాళ్ళు. సరే అన్నాం. చలికాలం ఫెర్రీ టైములు మారాయి. ఆయిల్ బండి మా ద్వీపానికి ఇక శుక్రవారాలే వస్తుందన్నారు.

నేనప్పుడైనా నోరు తెరవాల్సింది. శుక్రవారం వచ్చేదాకా ఊరుకున్నాను.

బండి తెచ్చినతను భారీ మనిషి, మెత్తని మాట. "చెక్కు పుస్తకం బయట పెట్టండి మేడమ్, పైపు తగిలిస్తాను" అన్నాడు.

"రేపు ఇస్తాను. మా ఆయన మొదటి ఫెర్రీకి వచ్చి మీ ఆఫీసులో ఇచ్చేస్తారు."

"ఎందుకు, బ్యాంకులో డబ్బు లేదా?"

"ఉంది."

"పుస్తకం అయిపోయిందా?"

"లేదు, ఇదిగో."

"మరి పెన్నా?" అని జేబులోంచి తన పెన్ను తీసి నాకివ్వబోయాడు పాపం.

నేను పెన్ను అందుకోలేదు. యాయా చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముఖం చూసింది. నేను "శుక్రవారం" అన్నాను. ఆవిడకి వెంటనే అర్థమైంది. అతనితో గంభీరంగా, "ఈరోజు కాదు. ఈమె దేవుడు ఒప్పుకోడు" అంది.

"మా బాస్ ఒప్పుకోడండీ" అన్నాడతను.

కాసేపు అక్కడే నిలబడ్డాడు, మంచు బూట్ల మీద బరువు అటూ ఇటూ మార్చుకుంటూ. తర్వాత బండి తిప్పుకుని రేవుకి వెళ్ళిపోయాడు. యాయా నా వీపు తట్టి, "మంచి పని. మా ఊళ్ళో ఒకడు మంగళవారం పడవ కొన్నాడు. పడవా లేదు, వాడూ లేడు" అంది.

సాయంత్రం తాతయ్య విని తల పట్టుకున్నారు.

"డబ్బు ఆవిడది, శుక్రవారం నీది. లక్ష్మి ఎవరింట్లోంచి పోతుందే?"

"మెట్లు ఒకటే కదండీ."

"బాగుంది. మెట్ల మీద కూర్చుని ఉంటుందన్నమాట ఆవిడ, ఎవరు చెక్కు రాస్తారా అని."

రేపు పొద్దున్నే వెళ్ళి డబ్బు కట్టి, సోమవారానికి బండి పంపమని బతిమాలతానన్నారు. కానీ ఆ రాత్రే గాలివాన, మంచు మొదలయ్యాయి. శనివారం ఫెర్రీ కదల్లేదు. రేవులో బండ్లు ఎక్కే వంతెన మంచుకట్టి బిగుసుకుపోయింది, మనుషుల్ని తప్ప బండ్లని వచ్చే శుక్రవారం దాకా తేలేమని చెప్పారు. శనివారం మధ్యాహ్నానికి గొట్టంలో ఎర్ర బిళ్ళ అడుక్కి చేరింది. నేలమాళిగలో ఆ ఆయిల్ మండించి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఒకసారి గురక పెట్టి ఆగిపోయింది.

యాయా మమ్మల్ని పరుపులతో సహా కిందికి రమ్మంది. వాళ్ళ వంటింట్లో పాత కట్టెల పొయ్యి ఉంది, ఇనపది, రొట్టెలు కాల్చేది. భర్త కొట్టి పెట్టిన కట్టెలు షెడ్డు నిండా ఉన్నాయి. ఆ గది తలుపులకి దుప్పట్లు కట్టి, కుళాయిలు గడ్డకట్టకుండా సన్నగా ధార వదిలి, అందరం అక్కడే ఉన్నాం. పిల్ల మాత్రం మహా సంబరంగా ఉంది. ముగ్గురు ముసుగుమనుషుల మధ్య, రొట్టె వాసనలో, దానికి అంతకంటే ఏం కావాలి?

ఆదివారం కూతురు ఫోన్ చేసే రోజు. యాయా ముందే గొంతు సవరించుకుని కూర్చుంది. "అంతా బాగుంది, అంతా బాగుంది" అని రెండు భాషల్లోనూ చెప్పింది. అలవాటు ప్రకారం కూతురు ఆ తర్వాత నాతో మాట్లాడింది.

"మీరు చెప్పండి. హీటు ఉందా?"

పొయ్యి వైపు చూశాను. "వంటింట్లో ఉంది" అన్నాను.

"మిగతా ఇంట్లో?"

"ఆయిల్ అయిపోయింది."

"చెక్కు ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు. ఆరోజు శుక్రవారం."

"నేను వస్తున్నాను" అని పెట్టేసింది.

యాయా పొయ్యిలోకి నాలుగు కట్టెలు గట్టిగా తోసింది. తర్వాత, "అబద్ధం చెప్పాల్సింది" అంది.

"మీ అమ్మాయితోనా?"

"అమ్మాయిలతోనే చెప్పేది. ఇంకెవరితో చెబుతాం?"

నాకు ఏడుపొచ్చింది. "వచ్చే శుక్రవారం నేనే చెక్కు రాసి ఇచ్చేస్తాను యాయా, లక్ష్మికి నేను చెప్పుకుంటాను" అన్నాను. ఆవిడ పిండి కలుపుతూ కలుపుతూ ఆగి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంది. పిల్ల బొమ్మలు గీసే కాగితం, పెన్సిలు నా ముందుకి తోసింది.

"చూపించు. ఇంగ్లీషు అంకెలు. మాటల్లో."

ఆ వారమంతా అదే పని. చలికి బయటికి పోయేది లేదు, ఉతికేది లేదు. నేను రాసిచ్చిన మాటల్ని ఆవిడ కుట్టుపనిలా చూసి చూసి దించేది. ఒకటి నుంచి పది, తర్వాత ఇరవైలు, ముప్ఫైలు, వంద. తాతయ్య ఫెర్రీలో ఆస్పత్రికి వెళ్ళొచ్చి, కోటు విప్పకుండానే తప్పులు దిద్దేవారు. "మా మాస్టారైతే ఈపాటికి చెవి మెలేసేవాడు" అంటే ఆవిడ గరిటె ఎత్తేది.

శుక్రవారం ఫెర్రీలోంచి ఆయిల్ బండి, దాని వెనకే ఆవిడ కూతురు దిగారు. ఆ అమ్మాయి ఏడ్చి ఉంది, కళ్ళు వాచాయి. లోపలికి రాగానే పరుపులూ, దుప్పట్లూ, మమ్మల్నీ ఒకసారి చూసింది. తల్లి చేతులు పట్టుకుని చల్లగా ఉన్నాయేమో అని చూసింది. అవి పొయ్యి దగ్గర చేతులు, వేడిగానే ఉన్నాయి.

బండతను గుమ్మంలో నిలబడి నన్ను చూసి కొంచెం భయపడ్డాడు. "మేడమ్, ఈరోజు కూడా..."

"పట్టండి, ఇస్తాం" అన్నాను.

ఇప్పుడు మీకొకటి చెప్పాలి. టాంకు నిండాక గానీ ఎంతయిందో తెలీదు. మీటరు ఆగాక అతను చీటీ చించి ఇస్తాడు, దాని మీద అంకె చూసి చెక్కు రాయాలి. అతను చీటీ బల్ల మీద పెట్టాడు. కూతురు హ్యాండ్‌బ్యాగులోంచి తన చెక్కు పుస్తకం తీసింది. నేను యాయా పుస్తకం అందుకోబోయాను. యాయా మా ఇద్దరి చేతుల మీదా ఒక్కొక్క దెబ్బ వేసింది.

"నీకు శుక్రవారం కాదు" అంది నాతో. కూతురితో, "ఇల్లు నీది కాదు" అంది. పుస్తకం తన ముందుకి లాక్కుంది.

ఆ అంకె మేం రాసి చూసినవాటిలో లేదు. ఆవిడ చీటీని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వందని ఒక కాగితం మీంచి దించింది, ఇంకో కాగితం వెతికి మిగతాది దించింది. పెదవులు కదులుతున్నాయి, గ్రీకులో లెక్కపెడుతోంది. బండతనికి ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. తొందరగా ఫెర్రీ అందుకోవాలని అతను ఒక్కసారి కూడా అనలేదు. కూతురు మధ్యలో ఏదో చెప్పబోతే, ఆరోజు సెలవు పెట్టిన మీ తాతయ్య, మాస్టారు కదా, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. రాయడం అయ్యాక మిగిలిన చోట, ఆ చివరి నుంచి ఈ చివరికి, గీత కొట్టింది. సంతకం పెట్టింది. చించి, ఊది, తన చేత్తో అతనికిచ్చింది.

అతను చదివి, "కరెక్టే మేడమ్" అన్నాడు. బాయిలర్ గొట్టంలోంచి గాలి తీసి వెలిగించి వెళ్ళాడు. నేలమాళిగలోంచి ఆ గురక మళ్ళీ వినిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

కూతురు ఆ చెక్కు పుస్తకం అలాగే చూస్తూ నన్నడిగింది. "అమ్మ ఇది ఎప్పుడు నేర్చుకుంది?"

"ఈ వారమే. చలికి వేరే పని లేక."

"నాన్న ఇన్నేళ్ళలో నేర్పలేదు. నేను కూడా... నేర్పాలనే తోచలేదు" అంది. తర్వాత తల్లీకూతుళ్ళు గ్రీకులో గట్టిగా అరుచుకున్నారు. పోట్లాట అనుకుని నేను పిల్లని తీసుకుని మేడమీదికి పోబోతే, యాయా నన్ను ఆపి కూర్చోమంది. అరుపులు అయ్యేసరికి ఇద్దరూ ఒకే తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆదివారం ఆ అమ్మాయి ఒక్కతే వెళ్ళిపోయింది. రేవులో నాతో, "ఈస్టర్‌కి వస్తాను. చుట్టంగా వస్తాను" అంది. "శుక్రవారాలు అమ్మ చూసుకుంటుంది. మంగళవారాలు మీరు చూసుకోండి. మధ్యలో ఇద్దరూ కొట్టుకోండి." అప్పటి నుంచి అలాగే జరిగింది. మంగళవారం ఏదైనా ఇవ్వాల్సొస్తే ఆవిడ ముందే సంతకం పెట్టి వంటింటికి పోయేది, డబ్బు సాగనంపే పని నాది.

రేవు నుంచి ఇంటికొచ్చి, పరుపులు మళ్ళీ పైకి మోసుకున్నాం. మేడంతా వెచ్చగా ఉంది. వారం రోజుల తర్వాత మొదటిసారి పిల్లకి టోపీ తీసేశాను. అంతలో మెట్ల మీద చప్పుడయింది. మేం చేరాక యాయా ఒక్కసారి కూడా మేడ ఎక్కలేదు, మోకాళ్ళ నొప్పులని. ఆరోజు ఎక్కింది. ఆయాసపడుతూ నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, హీటు తిప్పే బిళ్ళని బాగా కిందికి తిప్పింది.

"ఏమైంది యాయా?" అన్నాను.

"ఎంతవుతుందో ఇప్పుడు తెలుసు నాకు" అంది. "నేను రాశాను కదా."

పిల్లకి టోపీ మళ్ళీ పెట్టాను.